పెట్టె చేసినోడు బెంగుళూరులో, పురుగులు అమ్మ దగ్గర

పోయిన చలికాలంలో ఒక రాత్రి రెండు గంటలు దాటినాక నా ఫోను మోగింది. బెంగుళూరు నుంచి ఒక తమ్ముడు. రామకుప్పం మండలంలో మాకు పక్కూరోడే. కుప్పంలో రైలెక్కి పోయి ఆడ ఒక కంపెనీలో పనిచేస్తా ఉండాడు. వారానికో, రెండు వారాలకో ఒకసారి ఊరికొస్తాడు.

"అన్నా, అమ్మ ఫోన్ చేసింది. పురుగులు చల్లగా ఐపోయినాయంట, కదలడం లేదంట. పెట్టెలో చూస్తే 27 అని చూపిస్తా ఉండాదంట. ఈడి నుంచి నేనేం చేసేదన్నా?"

ఆ పెట్టె వాడు సొంతంగా చేసింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్న బోర్డు, ఒక అడాప్టరు, ఒక ప్లాస్టిక్ డబ్బా, ఒక రూము హీటరు. చలి పెరిగితే హీటరు దానంతట అదే వెలగాల, వెచ్చబడినాక దానంతట అదే ఆరిపోవాల. దసరాకు వచ్చినప్పుడు బిగించి పోయినాడు. రెండు నెలలు బాగానే పనిచేసింది. ఆ రాత్రి మాత్రం షెడ్డులో 100 గుడ్ల పురుగులు మూడో జ్వరానికి కూచోనుండాయి. వంద గుడ్లంటే నలభై, యాభై వేల పురుగులు. ఆకు కోసినోళ్ల కూలి, చాకీ పురుగులకు కట్టిన దుడ్లు, తోటకు పెట్టిన ఎరువు, అంతా ఆ స్టాండ్ల మీదనే ఉండాది.

నేను బండేసుకుని పోయినా. ఆడ ఏం జరిగిందో చివర్లో చెప్తా. ముందు ఇది ఎందుకు రాస్తా ఉండానో చెప్పాల. మన మండలంలో, శాంతిపురంలో, వి.కోటలో, పలమనేరు దిక్కున, మదనపల్లె పుంగనూరు దిక్కున, ఇట్లాంటి పెట్టెలు సొంతంగా చేసుకునే పిల్లోళ్లు చానా మంది అయినారు. పట్టు పురుగులకే కాదు, నాటు కోడిగుడ్లు పొదిగేదానికి కూడా ఇదే బోర్డు. చేసేది వీడియోలు చూసి నేర్చుకుంటా ఉండారు. చెడిపోతే ఏం చేయాలో మాత్రం ఎవురూ నేర్చుకోవడం లేదు. అది నేర్చుకోకుంటే పెట్టె లేని దానికన్నా ఉన్నదే ఎక్కువ ప్రమాదం. పెట్టె లేకుంటే అమ్మ చెయ్యి పెట్టి చూస్తాది. పెట్టె ఉంటే దాన్ని నమ్మి పడుకుంటాది.

మనకెందుకు ఈ పెట్టె

మన కుప్పం సీమ సముద్రానికి 700 మీటర్ల దగ్గర ఎత్తులో ఉండాది. చలికాలం తెల్లారుజామున 15 డిగ్రీల దగ్గరికి దిగిపోతాది. పురుక్కి కావాల్సింది వేరే. చాకీలో, అంటే మొదటి రెండు దశల్లో, 27 నుంచి 28 డిగ్రీలు. మూడో దశలో 26. నాలుగో దశలో 25. పండే ముందు అయిదో దశలో 24. తేమ కూడా అట్లే, మొదట 85, 90 శాతం ఉండి చివరికి 70కి దిగాల. పురుక్కి సొంతంగా ఒంటి వేడి లేదు. చుట్టూ గాలి ఎంత ఉంటే దాని ఒళ్లూ అంతే. చల్లబడితే మేత తినదు, జ్వరం నుంచి లేచేది ఆలస్యమైతాది, కొన్ని లేస్తాయి కొన్ని లేవవు, పంట ఎగుడుదిగుడు ఐపోతాది. చలి, తేమ రెండూ కలిస్తే సున్నపుకట్టు రోగం. వేడి ఎక్కువా తక్కువా ఊగితే పాలరోగానికి దారి.

మా నాయన కాలంలో దీనికి మందు బొగ్గుల కుంపటే. షెడ్డు తలుపు మూసి, నడిమధ్యన కుంపటి పెట్టి, పక్కన చాప పరుచుకుని పడుకునేది. ఒకసారి తెల్లారి నాకూ మా అమ్మకూ తల పగిలిపోతా ఉన్నింది, వాంతులు. దిష్టి అనుకున్నాం. చానా ఏండ్ల తర్వాత చదివి తెలుసుకున్నా, అది బొగ్గు సగం సగం కాలినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అని. దానికి వాసన లేదు, రంగు లేదు. మనిషి నెత్తుట్లో ప్రాణవాయువు కూచునే జాగాలో అది కూచుంటాది. ఆ పొద్దు మా షెడ్డు తలుపుకు సందు ఉన్నింది కాబట్టి ఈ రాత నేను రాస్తా ఉండా. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. పురుగుల కోసమైనా వద్దు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుని మిగతాది మరిచిపోయినా నాకు సంతోషమే.

కొందరు తమ్ముళ్లు అడుగుతా ఉండారు: "బొగ్గుకే ఫ్యాను పెట్టి, ఆ ఫ్యానును పెట్టెతో నడిపిస్తే కరెంటు బిల్లు మిగులుతాది కదన్నా?" అని. కొత్త ఆలోచన కాదది. అమెరికాలో మాంసాన్ని బొగ్గు సెగ మీద పది పన్నెండు గంటలు నిదానంగా కాల్చే అలవాటు ఉండాది. 107 డిగ్రీల దగ్గర పట్టి నిలపాల. రాత్రంతా మేలుకోలేక ఆడోళ్లూ ఇదే పెట్టె చేసుకున్నారు. సెన్సారు చల్లబడిందంటే చిన్న ఫ్యాను బొగ్గు మీదికి గాలి ఊదుతాది, వేడెక్కితే ఆగిపోతాది. హీటర్‌మీటర్ అనే డిజైను ఒకటి ఎవురైనా చేసుకునేలాగా బయట పెట్టేసినారు. కానీ వాళ్ల పొయ్యి ఆరుబయట ఉంటాది. ఇంకోటి, ఫ్యాను ఆపినంత మాత్రాన బొగ్గు ఆరిపోదు. హీటరుకు స్విచ్చు తీస్తే వేడి ఆగుతాది, నిప్పుకు స్విచ్చు లేదు. అందుకని షెడ్డు లోపలికి బొగ్గు వద్దు, కరెంటు హీటరే మేలు.

వాళ్ల అనుభవం నుంచి మనం తీసుకోవాల్సింది ఒకటుండాది. పొయ్యి మూత తెరిస్తే చల్లగాలి సెన్సారుకు తగిలి, నిప్పు ఆరిపోయిందని పెట్టె అనుకుంటాది. ఫ్యాను జోరుగా ఊదేస్తాది. మూత మూసినాక వేడి హద్దు దాటిపోతాది. అందుకే హీటర్‌మీటర్‌లో మూత తెరిస్తే కొంతసేపు ఫ్యాను ఆపే ఏర్పాటు పెట్టినారు. మన షెడ్డులో తలుపు పక్కన సెన్సారు వేలాడదీస్తే మేతకు తలుపు తీసిన ప్రతిసారీ జరిగేది అదే.

పెట్టె లోపల ఏముండాది

మన పిల్లోళ్లు వాడేది ఎక్కువగా డబ్ల్యూ1209 అనే బోర్డు. దాన్ని ఉదాహరణగా చెప్తా, వేరే బోర్డుకైనా సూత్రం ఇదే. ఇందులో ముగ్గురు పనోళ్లు.

మొదటోడు సెన్సారు. నల్ల తీగ చివర చిన్న లోహపు తొడుగు. అందులో థర్మిస్టర్ అనే ముక్క ఉంటాది. వేడి పెరిగితే దాని నిరోధం తగ్గుతాది, చల్లబడితే పెరుగుతాది. ఈ బోర్డుతో వచ్చేది 25 డిగ్రీల దగ్గర 10,000 ఓమ్‌లు చూపిస్తాది. మంచు నీళ్లలో 32,000 పైన ఉంటాది, 50 డిగ్రీల దగ్గర 3,600 చుట్టుపక్కలకు దిగుతాది.

రెండోడు బోర్డు. సెన్సారు నిరోధం చూసి లెక్కగట్టి డిగ్రీలు చూపిస్తాది. మనం పెట్టిన హద్దుతో పోల్చి, హీటరు వెయ్యాల్నా ఆపాల్నా అని తేలుస్తాది.

మూడోడు రిలే. అది కరెంటుతో నడిచే స్విచ్చు. బోర్డు చెప్తే టిక్కుమని మూసుకుంటాది, మళ్ళీ టిక్కుమని తెరుచుకుంటాది.

ఇందులో బాగా అర్థం చేసుకోవాల్సింది ఏమంటే, బోర్డుకు షెడ్డు కనపడదు, పురుగు కనపడదు. సెన్సారు చెప్పిన మాటే దానికి లోకం. సెన్సారు అబద్ధం చెప్తే బోర్డు ఆ అబద్ధాన్నే నిజాయితీగా అమలు చేస్తాది. కాబట్టి "పెట్టె చెడిపోయింది" అని విసిరేసే ముందు ముగ్గురిలో తప్పెవురిదో తేల్చాల. వరసగా పోవాల, తోచినట్టు పోగూడదు. పురుగు దగ్గర మొదలుపెట్టి కరెంటు దగ్గరికి పోవాల.

మొదటి అడుగు: నిజం ఎంతో తెలుసుకో

పెట్టె మాట పెట్టెనే అడిగితే లాభం లేదు. స్టాండు మీద, పురుగుల ఎత్తులో, వేరేగా ఒక మామూలు థర్మామీటరు ఎప్పుడూ వేలాడతా ఉండాల. రెండూ ఒక డిగ్రీ తేడాలో ఉంటే సెన్సారు నిజమే చెప్తా ఉండాది, లోపం ఎనక ఉండాది. తేడా ఎక్కువుంటే సెన్సారు దగ్గరే ఆగు.

సెన్సారును పరీక్ష చేసేదానికి లాబొరేటరీ అక్కర్లేదు. ఐసు ముక్కలు నలగ్గొట్టి గ్లాసులో నిండా వేసి, సందుల్లోకి కొంచెం నీళ్లు పొయ్యి. అయిదు నిమిషాలు సెన్సారును నడిమధ్యన పెట్టు. సున్నాకు దగ్గరగా రావాల. తర్వాత గోరువెచ్చని నీళ్లలో సెన్సారునూ, జ్వరం చూసే థర్మామీటరునూ పక్కపక్కన పెట్టు. అది 98.6 చూపిస్తే మన పెట్టె 37 చూపించాల. రెండు చోట్లా ఒకే మాదిరిగా డిగ్రీన్నరో, రెండో తేడా ఉంటే బోర్డులో పీ4 అనే సెట్టింగుతో సరిదిద్దుకోవచ్చు. ఒక చోట ఒక మాదిరి, ఇంకో చోట ఇంకో మాదిరి తేడా ఉంటే సెన్సారు మార్చేయాల. వేడినీళ్లు కాగబెట్టి 100 రాలేదని భయపడొద్దు. మన ఎత్తులో నీళ్లు 97, 98 దగ్గరే కాగుతాయి.

రెండో అడుగు: సెన్సారు యాడుండాది, ఎట్లుండాది

నేను చూసిన లోపాల్లో సగం ఈడే ఉంటాయి. సెన్సారు బాగానే ఉంటాది, పెట్టిన జాగా తప్పు. హీటరు ఎదురుగా పెడితే హీటరు వేడినే షెడ్డు వేడి అనుకుంటాది, పురుగులు చల్లబడతాయి. పైకప్పు దగ్గర పెట్టినా అంతే, వేడిగాలి పైకి పోతాది కాబట్టి. తలుపు దగ్గర, కిటికీ దగ్గర పెడితే దీనికి తిరకాసు. చల్లగాలి తగిలి హీటరు ఆగకుండా మండతాది, పురుగులు మాడతాయి. షెడ్డు మధ్యన, స్టాండు నడిమి అరలో, ఆకుకు తగలకుండా జానెడు ఎత్తున వేలాడాల.

తడి గురించి ఎవురూ చెప్పరు. తేమ కోసం మనం తడి గోనె పట్టాలు కడతాం, నేల మీద నీళ్లు చల్లతాం. ఆ తడి సెన్సారుకు తగిలిందనుకో, ఆ నీళ్లు ఆవిరయ్యేటప్పుడు దాని వేడిని లాక్కుంటాయి. చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే చల్లగా ఉంటాది కదా, అదే. అసలు గాలి 27 ఉన్నా తడిసిన సెన్సారు మూడు డిగ్రీల దాకా తక్కువ చెప్తాది. పాపం బోర్డు నమ్మి హీటరు వేసేస్తాది.

తీగ అతుకులు చూడు. పొడుగు చాలక తీగను మెలేసి, టేపు చుట్టి వదిలేస్తారు. తేమకు ఆ అతుకు తుప్పు పడతాది. తుప్పు నిరోధం సెన్సారు నిరోధానికి కలుస్తాది. వెయ్యి ఓమ్‌లు కలిసినా పెట్టె రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తాది. అట్ల కాకుండా అతుకు లోపలికి నీళ్లు పోయి రెండు తీగల మధ్య కరెంటు కారితే ఎక్కువ చూపిస్తాది. అందుకని అతుకును సోల్డరింగు పెట్టి, మీద వేడికి ముడుచుకునే గొట్టం ఎక్కించు. తీగ పూర్తిగా తెగిపోతే డిస్‌ప్లేలో ఎల్ఎల్ఎల్ అనీ, రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే హెచ్‌హెచ్‌హెచ్ అనీ వస్తాది. పగలు ఒకసారి సెన్సారు పిన్ను పీకి చూడు. హీటరు ఆరిపోతా ఉండాదా, మండతానే ఉండాదా? ఎలుక తీగ కొరికిన రాత్రి నీ షెడ్డులో ఏమైతాదో ముందే తెలిసిపోతాది.

అంకెలు నిలకడగా లేకుండా గెంతులేస్తా ఉంటే, సెన్సారు తీగను హీటరు తీగతో కలిపి కట్టినావేమో చూడు. రెండిటినీ జానెడు దూరం పెట్టు.

మూడో అడుగు: సెట్టింగులు

ఈ బోర్డు కొత్తగా వచ్చినప్పుడు చల్లబరిచే పనికి పెట్టి ఉంటాది. అంటే పీ0లో సీ అని ఉంటాది. మనకు కావాల్సింది వేడి, కాబట్టి హెచ్ అని మార్చాల. ఇది మార్చకుంటే వేడెక్కినప్పుడు హీటరు వేస్తాది, చల్లబడినప్పుడు ఆపేస్తాది. బోర్డు మంచిది కాదని తిప్పి పంపేసినోళ్లను కూడా చూసినా నేను.

పీ1 అంటే ఎడం. హద్దు 26 పెట్టి ఎడం 2 ఉంటే, 26 దగ్గర ఆపి, 24కి దిగినాక మళ్ళీ వేస్తాది. పురుగులకు ఈ ఊగు ఎక్కువ. సగం డిగ్రీ నుంచి ఒక డిగ్రీ చాలు. మరీ 0.1 పెడితే నిమిషానికి నాలుగుసార్లు టిక్కుటిక్కుమని రిలే తొందరగా అరిగిపోతాది. ఆగినాక కూడా వేడి రెండు మూడు డిగ్రీలు పైకి పోతా ఉంటే ఎడం మీద పడొద్దు. గాలి కదలడం లేదని అర్థం. ఒక చిన్న ఫ్యాను పురుగుల మీదికి కాకుండా గోడ దిక్కుకు తిప్పి పెట్టు. వేడి షెడ్డంతా సమంగా తిరుగుతాది.

నాలుగో అడుగు: రిలే, హీటరు

బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది, టిక్కుమన్నింది, హీటరు మాత్రం వెలగలేదు. మొదట హీటరును నేరుగా వేరే ప్లగ్గులో పెట్టి చూడు. వెలగకుంటే హీటరే పోయింది, పెట్టె జోలికి పోవద్దు. వెలిగితే వైరింగు చూడు. కే0, కే1 అని రెండు స్క్రూలు ఉంటాయి. వాటిలో నుంచి కరెంటు వస్తాదని చాలా మంది అనుకుంటారు. రాదు. అవి ఉత్త స్విచ్చు కాళ్లు. హీటరుకు పోయే ఫేజు తీగను తెంపి, ఒక కొసను ఒకదాంట్లో, ఇంకో కొసను ఇంకోదాంట్లో బిగించాల.

దీనికన్నా చెడ్డ లోపం ఇంకోటి. లైటు ఆరింది, హీటరు మాత్రం ఆరలేదు. అంటే రిలే లోపల రెండు కాళ్లు నిప్పురవ్వలకు కరిగి అతుక్కుపోయినాయి. ఎందుకట్లైతాది? 1000 వాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర 4 ఆంపులకు పైన లాగుతాది. 2000 వాట్లది 9 ఆంపుల దగ్గర. రిలే మీద 10 అని రాసుంటాది గానీ, ఆ చిన్న డబ్బాను రాత్రంతా 9 దగ్గర నడిపితే ఎన్ని దినాలు నిలుస్తాది? దుక్కి దున్నే ఎద్దును కూడా పూర్తి బరువుతో రాత్రీ పగలూ తోలం. 1000 వాట్లు దాటితే ఈ రిలేతో కాంటాక్టరును నడిపించు, కాంటాక్టరుతో హీటరును నడిపించు.

ఇంకా, హీటరు తీగలో వరసగా రెండో కాపలా పెట్టు. ఇస్త్రీ పెట్టెలో వేడి ఎక్కువైతే దానంతట అదే ఆగిపోతాది కదా, ఆ మాదిరి చిన్న థర్మల్ స్విచ్చులు తక్కువ దుడ్లకే దొరుకుతాయి. 35 డిగ్రీల దగ్గర తెరుచుకునేది ఒకటి పురుగుల ఎత్తున పెడితే, రిలే అతుక్కుపోయినా పురుగులు బతుకుతాయి. చిన్న స్విచ్చుకు దాని ఆంపులు చూసుకో, చాలకుంటే దాన్ని కాంటాక్టరు కాయిల్ తీగలో పెట్టు.

అయిదో అడుగు: మన ఊరి కరెంటు, మన షెడ్డు గాలి

రిలే టకటకమని కొట్టుకుంటా ఉంటే అడాప్టరు చాలడం లేదు. 12 వోల్టులు రిలే పడినప్పుడు కూడా నిలవాల. మల్టీమీటరుతో ఆ క్షణంలో చూడు. అది దిగిపోతా ఉంటే అడాప్టరు మార్చు.

కొన్నిసార్లు పెట్టెలో ఏ తప్పూ ఉండదు, రాత్రంతా హీటరు మండినా షెడ్డు వెచ్చబడదు. వోల్టేజీ చూడు. 230 రావాల్సిన చోట 180 వస్తా ఉంటే, 1000 వాట్ల హీటరు ఇచ్చేది 600 పైచిలుకే. వోల్టేజీ అయిదో వంతు తగ్గితే వేడి మూడో వంతుకు పైన పడిపోతాది. ఇది నీ పెట్టె తప్పు కాదు, లైను తప్పు. మీటరులో కనపడిన అంకె, టైము ఒక నోటుబుక్కులో వారం దినాలు రాసి, ఊర్లో నలుగురితో సంతకం పెట్టించి అర్జీ ఇయ్యి. "కరెంటు సరిగ్గా రాలేదు" అనే మాటకు విలువ లేదు, రాసిన అంకెకు ఉండాది.

చివరిది, మందులు. పంటకూ పంటకూ మధ్య బ్లీచింగు పౌడరుతో షెడ్డు కడుగుతాం. ఆ క్లోరిన్ ఘాటు రాగినీ, రిలే కాళ్లనూ తినేస్తాది. పచ్చ చిలుము కనపడితే అదే. కడిగే ముందు పెట్టె విప్పి ఇంట్లో పెట్టు. డబ్బా రంధ్రాలు మూసెయ్యి. బల్లి దూరి బోర్డు మీద చచ్చిన పెట్టెలు నేనే మూడు చూసినా.

వీటన్నిటికన్నా ముందు ప్రాణం. తడి నేల, తడి చెయ్యి, ఇనుప స్టాండు, 230 వోల్టులు. ప్లగ్గు పీకకుండా డబ్బా మూత తీయొద్దు. హీటరుకు ఎర్తు ఉండాల, స్టాండుకు ఉండాల. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ బిగించుకో. ప్లగ్గులో ఫేజు, న్యూట్రలు తారుమారై ఉంటే రిలే ఆపినా హీటరులో ఫేజు ఉంటానే ఉంటాది, టెస్టరు పెట్టి చూసి సరిజేసుకో. ఆ వైరింగు పని రాకుంటే వచ్చినోళ్లతో చేయించు. అందులో నామోషీ ఏం లేదు.

ఆ రాత్రి ఏం జరిగింది

నేను పోయేసరికి మూడయింది. పెట్టెలో 27.4. స్టాండు మీద నేను పెట్టిన థర్మామీటరులో 19. తేడా ఎనిమిది. సెన్సారు దగ్గరే ఆగినా. నల్ల తీగ ఎమ్మడి చెయ్యి పెట్టుకుంటా పోతే, దాని కొస హీటరుకు మూరెడు దూరంలో వేలాడతా ఉన్నింది. హీటరు ఒక్క నిమిషం వెలిగితే చాలు, సెన్సారు వేడెక్కిపోతా ఉండాది, పెట్టె ఆపేస్తా ఉండాది.

"ఇది ఈడే ఉన్నిందా అక్కా?" అని అడిగినా.

"లేదు సామీ, హీటరు ఆ మూలలో ఉన్నింది. గోనె పట్టాకు దగ్గరగా ఉండాది, అంటుకుంటాదేమో అని నేనే సాయంత్రం ఈడికి జరిపినా."

ఆమె చేసింది సరైన పనే. తడి ఆరిన గోనె పట్టా పక్కన హీటరు పెట్టగూడదు. ఆ నల్ల తీగ ఏందో, దానికీ హీటరుకూ ఎంత దూరం ఉండాలో కొడుకు ఆమెకు చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు. "అది వాడి పని, మనకేం తెలుస్తాది" అనుకునింది. హీటరును అట్లే ఉంచి, సెన్సారును నడిమి స్టాండుకు కట్టినా. నాలుగున్నరకు 24 వచ్చింది. పంట పోలేదు. జ్వరం నుంచి పురుగులు ఒక్కసారిగా లేవలేదు, కొన్ని ఎనకబడి పారేయాల్సి వచ్చింది. గూళ్లు నాలుగు దినాలు ఆలస్యంగా పోయినాయి.

తెల్లారి తమ్ముడు ఫోన్ చేసి "బోర్డు మారుస్తానన్నా, ఇంకా మంచిది దొరుకుతా ఉండాది" అన్నాడు. "బోర్డు బాగుండాది తమ్ముడూ. ఈసారి ఊరికొచ్చినప్పుడు రెండు గంటలు అమ్మతో కూచో" అన్నా.

పట్టు పురుగులు సాకేది ఎక్కువగా మన ఆడోళ్లు. షెడ్డులో రాత్రీ పగలూ ఉండేది వాళ్లు. పురుగు ఆకు తినే చప్పుడు విని ఆరోగ్యం చెప్పగలరు. అట్లాంటోళ్లకు రెండు బటన్లు, ఒక తీగ అర్థం కావని మనమెందుకు అనుకుంటా ఉండాం? ఇంగ్లీషు అక్షరాలు చూసి వాళ్లు జంకుతారు. మనం కూడా చెప్పేది బరువనుకుంటాం. శిక్షణ ఇచ్చే ఆఫీసులకూ నేను అడిగేది ఇదే. పురుగుల పెంపకం నేర్పే దినాల్లో ఒక పూట ఈ పెట్టెకు ఇయ్యండి, ఆ పూటకు అమ్మలను పిలవండి.

ఆ షెడ్డు గోడ మీద ఇప్పుడు ఒక అట్ట ముక్క ఉండాది. తమ్ముడే తెలుగులో పెద్ద అక్షరాలతో రాసినాడు. మీ షెడ్డుకూ రాసుకోండి:

1. స్టాండు మీద థర్మామీటరు, పెట్టె, రెండూ ఒకటే చెప్తా ఉండాయా?
2. నల్ల తీగ కొస నడిమి స్టాండులోనే ఉండాదా? తడిసిందా?
3. హీటరు జరిపినామా? జరిపితే తీగ కొస నుంచి దూరంగానే ఉండాదా?
4. లైటు వెలిగితే హీటరు వెలుగుతా ఉండాదా? లైటు ఆరితే ఆరుతా ఉండాదా?
5. ఏదీ తెలియకుంటే పెట్టె ప్లగ్గు పీకి, హీటరును నేరుగా ప్లగ్గులో పెట్టి, థర్మామీటరు చూసుకుంటా పక్కనే కూచో. వెచ్చబడితే ఆపు, చల్లబడితే వెయ్యి. తెల్లారినాక ఫోన్ చెయ్యి.

పోయిన నెల ఆ అక్క నాకు ఫోన్ చేసింది. పెట్టెలో అంకె రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తా ఉండాదంట. "తీగ అతుకు తుప్పు పట్టినట్టుండాది సామీ, వాడొచ్చేదాకా నేను హద్దు రెండు తగ్గించి పెట్టుకోనుండా, సరేనా?" అని అడిగింది.

సరేనక్కా అన్నా.